మూడు చుక్కలు

జూన్ 3
ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయునదేమనగా, జామ్ అయిన ప్రింటర్‌ను చెంపదెబ్బ కొట్టే సర్వాధికారాలు నేటి నుంచి నావే. ఈ కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ తాళాలు తీసేదీ, జావాస్క్రిప్ట్ నోట్స్ జిరాక్స్ తీసేదీ నేనే. అందులో ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. అయినా పంచేటప్పుడు నా ఫోజు చూడాలి, ప్రొఫెసర్!

జూన్ 5
అన్నయ్య షాపు మూతపడ్డాక ఇల్లు వదిన మీద పడింది. ఇక్కడే కోర్సు చేస్తోంది. పన్నెండో తేదీ టెస్ట్ పాసైతే కింది ఫ్లోర్ కంపెనీలో ఉద్యోగం. కూతురి ఈడు పిల్లల ముందు పాఠం చెప్పే సార్‌ని అడగడానికి మొహమాటం, నన్ను మెట్ల దగ్గర ఆపింది. నోట్స్‌లో ఫంక్షన్ బ్రాకెట్ల మధ్య ఈ మూడు చుక్కలేంటి మరిదీ, ఇంట్లో కంప్యూటర్‌లో కొడితే ఎర్రగా ఎర్రరొస్తోంది అంది. నేను గొంతు సవరించుకున్నాను. అది లేటెస్టు వదినా, చుక్కలు పెడితే మిగతాది మెషినే చూసుకుంటుంది, మీ ఇంట్లోది పాత డబ్బా, దానికంత బుర్రెక్కడిది అన్నాను. బుద్ధిగా తలూపింది. నవ్వాపుకోలేక స్టోర్‌రూమ్‌లో దూరాను.

జూన్ 9
పొద్దుటి బ్యాచ్‌కి సార్ చెబుతుంటే చెవిన పడింది. ఆ చుక్కలు అసలు కోడే కాదట. ఇక్కడ మీ కోడ్ మీరు రాసుకోండి అని ఆయన వదిలిన ఖాళీ అట. అలాగే ఉంచేస్తే ప్రోగ్రామ్ మొత్తం చచ్చూరుకుంటుందట.
వదినకి చెప్పాలి. రేపు.

జూన్ 10
వదినే ఎదురొచ్చింది. నువ్వు చెప్పాక భయం పోయింది మరిదీ, లేకపోతే మానేసేదాన్ని అంది. ప్రింటర్ పిలుస్తోందని తప్పించుకున్నాను.

జూన్ 12, సాయంత్రం 5
టెస్ట్ కాగితం మీదే. పేపర్లు వెనక్కి తీసుకున్నదీ నేనే. వదినది పైనే ఉంది. చక్కటి దస్తూరీ. ప్రతి ఫంక్షన్‌లోనూ మూడు చుక్కలు.
సార్ చూసి, ఏంటమ్మా ఇది, ఎవరు చెప్పారు మీకు అని అందరి ముందూ అడిగాడు. నేను తలుపు దగ్గరే ఉన్నాను. ఆవిడ నా వైపు చూడనైనా చూడలేదు. నేనే పొరబడ్డానండీ అని బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది.
ఉద్యోగం ఎవరో పిల్లాడికి వచ్చింది.

జూన్ 14
వెళ్లి చెప్పేశాను. చుక్కల సంగతి నాకేం తెలియదనీ, నవ్వుకోవడానికి అన్నాననీ, తెలిశాక కూడా నోరు మూసుకున్నాననీ. వదిన పడీ పడీ నవ్వింది. నీ తిక్క తగలెయ్య మరిదీ, ఇంకో కంపెనీ చూసుకుంటాలే అంది. టీ ఇచ్చింది. గుండె తేలికైంది.

జూన్ 15
నిన్న వదిన వాళ్ల గేటు దాకానే వెళ్లి తిరిగొచ్చేశాను. ఆ నవ్వు నేను కల్పించింది.