గట్టి పెడలు, బాలిక్‌పాపన్ ఫోను

నవంబర్ 3, ఆదివారం

కారు బ్రేకుల ఓవర్‌హాల్ పూర్తయింది. మాస్టర్ సిలిండర్‌లో కొత్త రబ్బర్లు, చక్రాలకి కొత్త ప్యాడ్లు, కొత్త ఆయిల్. పైపుల్లో గాలి మొత్తం తీసేశాను. అంతా నా చేతులతోనే.

స్టార్ట్ చేసి పెడల్ తొక్కితే రాయి. దిగదు. రెండు కాళ్లూ పెట్టి తొక్కితే గేటుకి బెత్తెడు దూరంలో ఆగింది.

ఎదురింట్లో సురాబి అట్లు పోసి అమ్మే ఇచిహ్ బీబీ అంతా చూసింది. "మొగుణ్ణి చేసుకోమంటే పాత పెజో కారుని చేసుకున్నావు. అదీ నీ మాట వినట్లేదు చూడు, నెంగ్," అంది. ఆమెకి నేనింకా నెంగ్‌నే, చిన్నపిల్లనే.

నవంబర్ 4

డెయిరీలో పాల శాంపిల్స్ పరీక్షలు అయ్యాక, మెకానిక్ యాయత్ కాంగ్‌కి ఫోన్ చేశాను. ఆయన వెళ్లాక ఇదే మొదటిసారి.

మూడేళ్లు, ప్రతి ఆదివారం, మేమిద్దరం ఈ కారు కిందే ఉన్నాం. ఈ ఏడాది రంజాను పండగ దాటాక ఆయన సముద్రం అవతల బాలిక్‌పాపన్ వెళ్లిపోయారు. బొగ్గు గని లారీల షెడ్‌లో పని, రెండేళ్ల కాంట్రాక్టు. భార్య పోయాక ఇక్కడ ఆయన్ని పట్టి ఉంచేది ఏముంది? వెళ్లేముందు స్పానర్ల పెట్టె నాకిచ్చి, తుప్పు పట్టనివ్వకండి అన్నారు. సరే అన్నాను. అంతే మాట్లాడుకున్నాం.

ఫోన్ ఎత్తగానే, "తెహ్ ఇమాస్! బండి బతికే ఉందా?" అన్నారు.

ఇన్నేళ్లయినా ఆయనకి నేను తెహ్, నాకు ఆయన కాంగ్, అవే మర్యాద పిలుపులు. నేను బతికున్నానో లేదో అడగలేదు. అయినా కోపం రాలేదు. ఆ గొంతు వింటూ నిలబడ్డాను.

తను చెప్పేదాకా రోడ్డెక్కించొద్దన్నారు. మన ఘాట్ రోడ్డు మీద గట్టి పెడల్ అంటే ఆటలు కాదన్నారు. మొదటి పరీక్ష చెప్పారు. ఇంజన్ ఆపి పెడల్ నాలుగైదుసార్లు తొక్కి, కాలు అలాగే నొక్కి ఉంచి స్టార్ట్ చేయాలి. పెడల్ కొంచెం కిందికి జారితే, ఇంజన్ పీల్పుతో పెడల్‌ని తేలిక చేసే బూస్టర్ పనిచేస్తున్నట్టు.

సాయంత్రం

జారలేదు.

నవంబర్ 5

జారలేదని చెప్పాను. చక్రాలు సరిగ్గా పట్టి వదులుతున్నాయో చూడమన్నారు. భోజనం విరామంలో మాట్లాడుతున్నారు, వెనక లారీల చప్పుడు. అక్కడ మనకంటే గంట ముందు. ఇప్పుడు నేను కూడా గంట ముందే తింటున్నాను.

నవంబర్ 7

జాకీ మీద ఎత్తి, ఇచిహ్ బీబీని సీట్లో కూర్చోబెట్టి తొక్కించాను. గోడని తన్నినట్టుందని తిట్టింది. చక్రం పట్టింది. కాలు తీస్తే వదిలేసింది. నాలుగూ అంతే.

కాంగ్‌కి చెబితే, "అయితే నీళ్ల వైపు తప్పు లేదు, గాలి వైపే ఉంది," అన్నారు. బ్రేక్ ఆయిల్‌ని నీళ్లంటారు ఆయన. మర్చిపోయాను. ఎలా మర్చిపోయానో.

నవంబర్ 8

ఫోన్ ఎత్తలేదు. డబుల్ షిఫ్ట్ అయ్యుంటుంది.

ఒక శాంపిల్ రెండుసార్లు పరీక్షించి, రెండుసార్లూ రాయడం మర్చిపోయాను.

నవంబర్ 10, ఆదివారం

ఇంజన్ నడుస్తుండగా, ఇంజన్ నుంచి బూస్టర్‌కి వెళ్లే హోస్ రెండు కొసలూ చూడమన్నారు. ఇంజన్ వైపు కొసకి బొటనవేలు అడ్డం పెడితే జలగలా పట్టుకుంది. బూస్టర్ వైపు కొసలో ఏమీ లేదు. మధ్యలో ఉన్నది ఒక్క వన్-వే వాల్వే. ఊడదీసి నోటితో ఊదాను. గాలి బూస్టర్ నుంచి ఇంజన్ వైపే వెళ్లాలి, ఇది ఎదురు వైపు పోతోంది. ఓవర్‌హాల్‌లో నేనే శుభ్రం చేసి తిరగేసి బిగించాను! నోటి నిండా పెట్రోలు, పాత రబ్బరు రుచి.

తిప్పి పెట్టాను. స్టార్ట్ చేశాను. కాలి కింద పెడల్ మెత్తగా జారింది.

కేక వేశాను. ఫోన్ తీశాను. మళ్లీ లోపల పెట్టేశాను.

బాగైందని చెబితే, రేపు ఏమని ఫోన్ చేయాలి?

నవంబర్ 11

హోస్ గాలి లాగుతోంది గానీ పెడల్ ఇంకా గట్టిగానే ఉందని చెప్పాను.

షెడ్‌లో అడిగి చెబుతానన్నారు.

నవంబర్ 12

షెడ్‌లో ముగ్గుర్ని అడిగారట. పెడల్‌కీ బూస్టర్‌కీ మధ్య ఉండే రాడ్డు బొమ్మ గీసి, ఫోన్‌లో ఫోటో పంపారు. కాగితం మీద అన్నం మెతుకు అంటుకుని ఉంది. తింటూ గీశారు.

నా మీద నాకే అసహ్యం వేసింది. బొమ్మ మాత్రం పదిసార్లు చూశాను.

నవంబర్ 13

సాయంత్రం కారులో కూర్చుని ఫోన్ చేయమన్నారు. చేశాను. స్పీకర్ ఆన్ చేసి ఫోన్ బానెట్ కింద పెట్టి, స్టార్ట్ చేసి తొక్కమన్నారు. తొక్కాను. మళ్లీ అన్నారు. మళ్లీ.

"తెహ్."

"ఊఁ."

"మీరు తొక్కినప్పుడల్లా ఇంజన్ కొంచెం తడబడుతోంది. బూస్టర్ లాగుతోంది. పెడల్ బాగానే ఉంది కదూ?"

ఇంజన్ ఆపి, దిగి ఫోన్ చేతిలోకి తీసుకున్నాను.

"పాలల్లో నీళ్లు కలిపితే మీరు పట్టేయరూ? ఇంజన్ మాట నేనూ పట్టేస్తాను. ఎప్పుడు బాగైంది?"

"ఆదివారం."

వెనక లారీలు. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. మెల్లిగా, "మరి రేపు ఏమని ఫోన్ చేస్తారు?" అన్నారు.

సరిగ్గా నేను అనుకున్న మాటే. ఫోన్ కట్ చేశాను.

నవంబర్ 14

ఫోన్ చేయలేదు.

నవంబర్ 16

వాన.

నవంబర్ 19

మధ్యాహ్నం ఎక్కడ కూర్చున్నా చెయ్యి ఫోన్ మీదికే పోతోంది. ఇచిహ్ బీబీ బాండ్రెక్ తెచ్చి ఇచ్చింది, అల్లం మంట గొంతులోకి దిగుతుంటే అడిగింది: "బాలిక్‌పాపన్‌లో మనుషులు అయిపోయారా?" బండి బాగైపోయిందన్నాను. "బండి సంగతి ఎవరడిగారే!" అంది.

ఆయన్ని చూడాలని ఉంది. ఇదివరకు ఎప్పుడూ ఇలా రాయలేదు. చూడాలని ఉంది. గోళ్లలో నల్ల గ్రీజు, టీ గ్లాసు రెండు వేళ్లతో పట్టుకోవడం, కారు కింద పక్కపక్కన పడుకుని ఇద్దరం ఒకే బోల్టు వైపు చూస్తూ ఉండటం. అప్పుడు మాట్లాడాల్సిన అవసరమే ఉండేది కాదు. అందుకే మాట్లాడటం నేర్చుకోలేదేమో.

నవంబర్ 24, ఆదివారం

ఒక్కదాన్నే బండి తీశాను. చియాతర్ దిగుడులో టీ తోటల దగ్గర ఫోన్ మోగింది. యాయత్ కాంగ్. బ్రేక్ వేశాను. రోడ్డు మధ్యలో, వాలులోనే ఆగింది.

మధ్యాహ్నం ఏం తిన్నారో చెప్పారు. ఎండుచేప, ఉప్పు ఎక్కువైందట. కాంట్రాక్టుని రెండేళ్ల మీద ఇంకో ఏడాది పొడిగిస్తామంటే వద్దన్నారట. నేను వాన గురించి చెప్పాను. బండి గురించి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. వెనక పాల లారీ హారన్ కొడుతూనే ఉంది. హ్యాండ్‌బ్రేక్ వేయడం తట్టలేదు. కాలు పెడల్ మీదే ఉంది, నొప్పి పుట్టలేదు.