షాఫ్టు గొట్టంలో గ్రీజు

వాల్దీవియా,
అక్టోబరు 16, గురువారం.

మహారాజశ్రీ కాప్టెన్ ఎవరిస్తో గారి సముఖానికి, ముప్పై ఏళ్లు టగ్గు బోటు ఇంజను గదిలో తమరి కేకలు భరించిన మెకానిక్కు బౌదీలియో నమస్కరించి వ్రాయునది. ఇక్కడ నేనూ మా ఆవిడ నెలిదా క్షేమం. అక్కడ, అంటే మూడు వీధుల అవతల, తమరూ ఎదెల్మీరా చెల్లెమ్మా క్షేమమని తలుస్తాను.

మర్యాద అయిపోయింది. ఏరా, ఫోను ఎత్తవు, తలుపు తీయవు, ఉత్తరమైనా చదువుతావా?

నిన్న చేపల బజారులో చెల్లెమ్మ కనబడి కళ్లనీళ్లు పెట్టుకుంది. నీ బొమ్మ టగ్గునీ పనిముట్లనీ పెట్టెకెత్తి ఎవరికైనా ఇచ్చెయ్యమన్నావట. గ్రీజు పెట్టాననుకుని నూనె పోసినోడికి పడవలెందుకే, నా బుర్ర పోయింది అన్నావట. దారి మరిచిపోతానని బజారుకు కూడా ఒంటరిగా రావట. పోయినేడు పార్కు కొలను పందెంలో నీ బొమ్మ పడవ మునిగిందని ఇంత చేస్తారా?

నిజమే, పైకి తీసి విప్పితే, నీళ్లలోని పంకాను తిప్పే ఇరుసు దూరే షాఫ్టు గొట్టంలో కుట్టుమిషను నూనె ఉంది. పల్చటి నూనె నీళ్లను ఆపదు, పడవ నిండిపోయింది. అందరికంటే ముందు నవ్వింది నేనే. కాప్టెన్ గారు గొట్టాన్ని సలాడ్ అనుకుని నూనె కలిపారు అన్నాను. ఆ మాటకు సిగ్గుపడుతున్నాను.

సరే, నా కబుర్లు విను. ఈ ఏడాదంతా వంటింటి బల్ల మీద ప్రయోగాలే. మన పెద్ద టగ్గుకు వాడిన గ్రీజు నా బొమ్మకు కూరితే మోటారు కాలి పొగ వచ్చింది. వేలంత గొట్టానికి అదేం గ్రీజు ముసలోడా, రొట్టె ముక్కకు పార పెట్టి వెన్న రాస్తావా అంది నెలిదా. మామూలు నూనె తగిలి తెల్ల ప్లాస్టిక్కు గేర్లు పగిలాయి, వాటికి సిలికాన్ గ్రీజే దిక్కు. మోటారు ఇరుసుకు సూది మొనతో ఒక్క చుక్క చాలు. గొట్టానికి మాత్రం నీళ్లకు కరగని మెత్తటి గ్రీజు. ఇదంతా నువ్వు ఎప్పుడో చెప్పిందే. నేను వినలేదు.

మొన్న గ్రీజు డబ్బా మంహార్ పాలకోవా గిన్నె పక్కన పెట్టి, అచ్చం కోవాలా ఉన్న ఆ గ్రీజే పొరపాటున రొట్టెకు రాసుకు తిన్నాను. నెలిదా ఇంకా నవ్వుతోంది.

ఆదివారం పందెం. ఒసోర్నో ఊరివాళ్లు ఏడు పడవలతో వస్తున్నారు. నీ పేరు రాయించాను, రావాలి.

ఇట్లు,
డెక్కు కింది నుంచి,
బౌదీలియో

తా.క. ఇది రాయడానికి మూడు కాగితాలు చించాను. ఆ రోజు నువ్వు గ్రీజే పెట్టావురా. నువ్వు వేడి సొపైపీయా పూరీలు కొనడానికి వెళ్లినప్పుడు నేను నీ గొట్టం విప్పి, గ్రీజు తుడిచేసి నూనె పోశాను. డెక్కు కింద ఉన్నదంతా నా పనే అన్న పాత అలవాటు. గ్రీజు బరువుకు నీ మోటారు వేడెక్కుతుందని, నువ్వు గెలవాలని చేశాను. పడవ మునగగానే భయం వేసి నవ్వేశాను. గ్రీజే పెట్టానని నువ్వు ప్రమాణం చేస్తుంటే నేను నోరు మూసుకు నిలబడ్డాను. నీ బుర్ర ఎక్కడికీ పోలేదు. ఈ ముక్క ఆదివారం మైకులో అందరికీ చెబుతాను, నువ్వు రాకపోయినా చెబుతాను. ఉత్తరం తలుపు కింద నుంచి తోసి మీ మెట్టు మీదే కూర్చుంటాను. బయట వాన దంచుతోంది, గొడుగు తేను. తిట్టడానికైనా తలుపు తియ్యి.