మామ్మ పంచుతున్న పుట్టబంగారం

నర్సీపట్నం, బుధవారం

చి. ఫణిశ్రీకి అమ్మ దీవెనలు. ఇంట్లో అందరం కులాసా.

మట్టిలోని సూక్ష్మజీవుల నుంచి మీ ల్యాబులో తీసిన పదార్థం వైరస్‌ను అడ్డుకుంటోందని ఫోనులో చెప్పావు కదా, మీ మామ్మ అందులో మట్టి అన్న మాటే పట్టుకున్నారు. పక్కింటి కళావతికి నడుం మీద సర్పి పొక్కులు లేస్తే, నాగులచవితికి చెవులకు రాసుకోవడానికి తెచ్చిన పుట్టబంగారాన్ని, అదే పుట్టమన్నును, మెత్తగా గుడ్డలో జల్లించి రాయించారు. ఆమె డాక్టరు మాత్రలు మానేసింది. పొక్కులు చీము పట్టాక నేనే ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఇప్పుడు నయం.

"సెవికి రాస్తే మంచిదట, నడుంకి రాస్తే సెడ్డదైపోద్దేటే? నా మనవరాలి మందది!" అని మామ్మ నన్నే కసిరి, వీధిలో పంచడానికి పొట్లాలు కడుతున్నారు.

మీ మందు ఇంకా గాజు గిన్నెల్లోనే ఉందనీ, ఉత్త మట్టి మందు కాదనీ వెంటనే కార్డు రాయి. ఫోనులో చెబితే నేను నేర్పించానంటారు. నీ చేతిరాతయితే ఆవిడే వీధంతా చదివి వినిపిస్తారు. ఆవిడ చిన్నబోకుండా రాయి.

గోంగూర పచ్చడి అందిందా? ఖాళీ సీసా పారేయకు.

కళావతి ఆ మట్టి రాసుకున్నది మామ్మ మాట విని కాదట, నీ పేరు విని. అందుకే ఇది నువ్వే చెప్పాలి. చల్లగా ఉండు తల్లీ.

అమ్మ, లలితాంబ