గురి నాది, అట్ట మామ్మగారిది

అమ్మా,
నేను బాగానే ఉన్నాను. తుపాకీ క్లబ్బుదే, బీరువాలో పెట్టి తాళం వేస్తారు, కంగారుపడకు.

నిన్న నా మొదటి పోటీ. ఊపిరి బిగబట్టి కాల్చినవన్నీ గురి అట్ట మీది నల్లచుక్క మధ్యలోనే తగిలాయి. తీరా చూస్తే అది పక్కన కాలుస్తున్న మామ్మగారి అట్ట! ఏ గుండు ఎవరిదో తేలక మంచివన్నీ ఆవిడకే రాశారు. నాకు సున్నా, ఆవిడకు కప్పు. "గురికి వంక లేదమ్మాయ్, ముందు నీ అట్టేదో చూసుకో" అన్నారు మాకు కాల్చడం నేర్పే మాస్టారు.

కుర్రకారు రావడం లేదని ఆయన ఒకటే గోల. సెలవులకు చెల్లిని పంపించు. సినిమా టికెట్టంత రుసుము కడితే తుపాకీ, గుండ్లు వాళ్లే ఇస్తారు. దాని కళ్లద్దాలు మరిచిపోకు. వంటింటి కుళాయి బాగైందా? నాన్నకు సున్నా సంగతి చెప్పకు.

మామ్మగారు మిమ్మల్నందరినీ అడిగానని రాయమన్నారు. వచ్చే పోటీలోనూ నన్ను తన పక్కనే నిలబెట్టమని ఇప్పుడే అర్జీ పెట్టుకున్నారు.

నీ పెద్దమ్మాయి