వెనక గది కిటికీ

రూరీ, నువ్వు మీ అమ్మమ్మ కళ్ళకు అడ్డంగా గోడ కడుతున్నావు. క్షేమసమాచారాలు తర్వాత. ముందు ఈ మాట పడు.

ఇక ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం కులాసా. నా మోకాలు ఎలా ఉందని అడిగావు. మెట్లెక్కేటప్పుడు తిడుతుంది, దిగేటప్పుడు ఏడుస్తుంది. మీ నాన్న వాన వెలిశాక నడకకు వెళ్తానంటున్నాడు. ఈ క్లైడ్ నది ఒడ్డున వాన వెలిసేదెప్పుడు? అంటే వెళ్ళడన్నమాటే.

నువ్వు పంపిన పటాలు వంటింటి బల్ల మీద పరుచుకుని చూశాను. రోవన్‌బ్రే ఇంటిని వందేళ్ళ కిందట గీసినట్టే తిరిగి నిలబెడతామన్నావు. గరుకు సున్నపు పూత, పలకరాతి కప్పు, చలి కాచుకునే పొయ్యి పక్కన కూర్చునే అరుగు, అన్నీ బాగున్నాయి. నాలుగో పటంలో మాత్రం వెనక గది కిటికీని సగానికి పూడ్చేశావు. పైగా "ఆ కింది సగం చుట్టూ రాళ్ళ రంగు వేరుగా ఎందుకుందో తెలుసా అమ్మా?" అని అడిగావు. తెలుసు. అది మీ తాత చేతిపని.

ఆ ఇల్లు గీసినాయన మహా ఆదర్శవాది అని పాత ఇళ్ళు బాగుచేసే మీవాళ్ళంతా అంటారు. యంత్రం మనిషిని చంపుతుంది, చేతిపనే నిలబెడుతుంది అన్నాడట. తలుపు గొళ్ళెం మీద కూడా కమ్మరి సుత్తి దెబ్బలు కనిపించాలన్నాడట. సంతోషం. మరి పనిపిల్ల గదికి కిటికీ ఐదున్నర అడుగుల ఎత్తున ఎందుకు పెట్టాడు? వెలుతురు రావాలి, పిల్ల చూపు మాత్రం దొరల తోటలోకి పోకూడదు. చేతుల్ని పూజించినవాడికి ఆ చేతులవాళ్ళకు కళ్ళు కూడా ఉంటాయని తోచలేదు. దీన్నేనా నువ్వు నిజాయితీ గల నిర్మాణం అంటున్నది?

మీ అమ్మమ్మ ఇసొబెల్ పద్నాలుగో ఏట పనిపిల్లగా ఆ గదిలోకి వచ్చింది. పదిహేడేళ్ళు ఆకాశం ముక్క తప్ప ఏమీ చూడలేదు. తోట అవతల నీళ్ళు వంద గజాల దూరంలోనే ఉండేవి, చప్పుడు మాత్రం వినేది. పొగగొట్టం బాగుచేయడానికొచ్చిన తాపీమేస్త్రి హెక్టర్‌ను పెళ్ళాడాక కూడా కాపురం ఆ గదిలోనే. నేను కడుపులో ఉండగా, ఇంటి యజమానురాలు కార్‌స్వెల్ దొరసాని గ్లాస్గో వెళ్ళిన వారంలో, మీ తాత కిటికీ కింది గోడను రెండున్నర అడుగులు కిందికి కోసేశాడు.

దొరసాని వచ్చి చూసి కొయ్యబారిపోయిందట.

"హెక్టర్! నా గోడకేమైంది?"

"ఊపిరాడక నోరు తెరిచిందమ్మగారూ."

"వెంటనే మూసెయ్!"

"మూసే మేస్త్రిని వేరే చూసుకోండమ్మా. ఈ చుట్టుపక్కల ఉన్నది నేనొక్కణ్ణే."

ఆ సాయంత్రం మా అమ్మ కుర్చీ కిటికీ దగ్గరికి జరుపుకుని, చేతిలో టీ చల్లారిపోయేదాకా నీళ్ళకేసి చూస్తూ కూర్చుందట.

ఇప్పుడు అసలు మాట. ఇంతసేపూ నిన్ను తిట్టింది ఇది రాయడానికి ధైర్యం చాలకే. "తర్వాత చేర్చిన ప్రతిదీ అబద్ధమే, తీసెయ్యాలి" అన్న వాక్యమే మీకు దారి చూపించిందని మురిసిపోతూ రాశావు. పాత కరపత్రంలో దొరికిందట, కింద పేరు లేదట.

అది నాదిరా.

దొరసాని పోయాక ఇల్లు కొన్న ఆసామి అమ్మను వెనక గదిలో ఉండనిచ్చాడు. తాత అప్పటికే లేడు. ఆ ఆసామి తోటవైపు అద్దాల గది లేపి, ఊరివాళ్ళు నీళ్ళ ఒడ్డుకు పోయే కాలిబాట మూసేశాడు. నాకప్పుడు ఇరవై ఏడేళ్ళు, నోరు పెద్దది. దాన్ని కూల్చేదాకా నిద్రపోనన్నాను. ఆ కరపత్రంలో తొలగించాల్సినవన్నీ వరసగా రాశాను. మొదటిది అద్దాల గది. నాలుగోది వెనక కిటికీ. అది వదిలేస్తే "మీ అమ్మకొక న్యాయం, మాకొక న్యాయమా?" అని ఆ ఆసామి అంటాడని నా భయం.

అమ్మ కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివింది.

"ఇందులో నా కిటికీ కూడా ఉందా తల్లీ?"

"సూత్రం అందరికీ ఒకటే అమ్మా."

"అంతేలే," అంది.

అద్దాల గది కూలింది, ఊరంతా చప్పట్లు కొట్టింది. కిటికీ దాకా ఎవరి ఉత్సాహమూ రాలేదు. అమ్మ మాత్రం ఆ రోజే కుర్చీని పొయ్యివైపు తిప్పేసుకుంది. ఎలాగూ పోయే కిటికీలోంచి ఇంకా చూడటమెందుకంది. రెండు చలికాలాలు దానికి వీపు పెట్టి కూర్చుని, అలాగే వెళ్ళిపోయింది. నేను ప్రతి ఆదివారం వెళ్ళేదాన్ని. ఆ కుర్చీని నా చేత్తో కిటికీవైపు తిప్పగలిగేదాన్నే. తిప్పలేదు. తప్పు ఒప్పుకోవడం కంటే వాదించడం నాకెప్పుడూ తేలిక.

నువ్వు నా మాటే పట్టుకుని ఆ గోడ కడుతున్నావు. అందుకే అడుగుతున్నాను:

నాలుగో పటం చింపెయ్యి.

ఆ రాళ్ళ రంగు కలిపెయ్యకు. వేరుగానే కనిపించనీ.

ఇంటి ముందు పెట్టే పలక మీద గీసినాయన పేరు పక్కనే హెక్టర్ మెక్‌ఫీ, తాపీమేస్త్రి అని రాయించు.

కిటికీ మూయించాలన్నది ఆయన కూతురు మొరాగ్ మెక్‌ఫీ అని కూడా రాయించు. మెత్తబరచకు.

ఆ గదిలో ఒక కుర్చీ వెయ్యి. నీళ్ళవైపు తిప్పి.

ఇట్లు,
ఇసొబెల్ కూతురు,
మీ అమ్మ