మల్బరీ చెట్టు కొసన ఆపిల్

గోర్న్యా ద్రాగా, 3 సెప్టెంబరు 1968

శ్రీమతి రేజా గారికి, నమస్కారం.

నేను వింకా నానమ్మను, పేరు తొంకా. ముప్పై నాలుగేళ్ళు బడిలో పాఠాలు చెప్పినదాన్ని కనుక నేరుగా విషయానికి వస్తాను. మీ మనవడు ఆదాం, మా వింకా జాగ్రెబ్‌లో ఒకరినొకరు ఇష్టపడి, అక్టోబరు అయిదు శనివారం పెళ్ళి అని తేదీ కూడా వాళ్ళే పెట్టుకున్నారు. మనకు మిగిల్చింది మర్యాదలు. మీరు స్లవోనియా మైదానం వాళ్ళు, మేం డాల్మేషియా రాళ్ళవాళ్ళం. మా పద్ధతి ఒక్కటే. పెళ్ళికూతురి ఇంటి ముందు ఆపిల్ వేలాడదీస్తాం. మీవాళ్ళు తుపాకీ తెచ్చుకోవాలి.

ఇట్లు,
తొంకా

తా.క. మీవాడికి కళ్ళద్దాలట. అందంగా ఉంటాయని వింకా అంటోంది. నేనడిగింది అందం గురించి కాదు.

నోవి గాయ్, 8 సెప్టెంబరు

తొంకా గారికి రేజా నమస్కరించి రాయునది.

మీ ఉత్తరం భోజనాల దగ్గర పైకి చదివాను. "తుపాకీ దేనికి వదినా?" అని మా మరిది షీమా అడిగాడు. "కొండదారి కదా, తోడేళ్ళుంటాయేమో" అన్నాను. ఆపిల్ గురించి మీరు మొహమాటపడకండి. మీ రాళ్ళలో పళ్ళకు కరువని విన్నాం. ఉన్న ఒక్కదాన్నీ వేలాడదీసుకుని చూసుకునే అవస్థ ఎందుకు? నాలుగు పెట్టెలు రైల్లో వేయించాను.

మా పద్ధతీ వినండి. కోడలు వచ్చేవేళకు గుమ్మానికి అడ్డంగా చీపురు పడేస్తాం. తీసి పక్కన పెట్టిందా, పనిమంతురాలు. దాటి వచ్చిందా, ఆ ముచ్చట ఊరు చూసుకుంటుంది.

మీ శ్రేయోభిలాషి,
రేజా

తా.క. పిల్లకు చీపురు ఏ కొస పట్టుకోవాలో తెలుసు కదా? పంతులమ్మ గారి ఇల్లని అడిగాను.

గోర్న్యా ద్రాగా, 13 సెప్టెంబరు

రేజా గారికి,

నాలుగు పెట్టెలూ అందాయి. మా గాడిద మీకు కృతజ్ఞతలు చెప్పమంది.

నేను సరిగ్గా రాయలేదేమో, పలక మీద రాసినట్టు మళ్ళీ రాస్తాను. మా ఇంటి ముందు మల్బరీ చెట్టు ఉంది. దాని కొసకు పొడుగాటి వాసం కట్టి, వాసం చివర ఆపిల్ కడతాం. పెళ్ళికొడుకు తరఫున వచ్చినవాళ్ళు దాన్ని తుపాకీతో కొట్టి పడేయాలి. పడితే తలుపు తెరుస్తాం. మధ్యాహ్నం చర్చి గంట మోగేలోపు పడకపోతే తెరవం. పిల్లను ఊరికే ఇవ్వలేదు, గెలుచుకుని తీసుకుపోయారు అని దాని అర్థం.

ఇది నవ్వులాట కాదు. 1931లో మా అక్క లూత్సా పెళ్ళివాళ్ళు పదిహేడు గుళ్ళు కాల్చి, వచ్చిన దారినే వెళ్ళిపోయారు. అక్కకు మళ్ళీ సంబంధం రాలేదు.

ఎవరు కాలుస్తారో తెలియజేయగలరు.

తొంకా

తా.క. వింకాకు చీపురు రెండు కొసలూ తెలుసు. రెండోది దేనికి వాడాలో నేనే నేర్పాను.

నోవి గాయ్, 19 సెప్టెంబరు

వదినగారికి,

ఇక వదినా అనే పిలుస్తాను, అవసరం నాది. మీ ఉత్తరం చదివి షీమా మీసం దువ్వాడు. ఎగిరే కౌజు పిట్టను కొట్టే మనిషి. "ఒక్క గుండు చాలు వదినా, రెండోది మీ వియ్యపురాలి టోపీకి" అన్నాడు. నిన్న ప్లమ్ చెట్టెక్కి కిందపడ్డాడు. మోచెయ్యి రెండు చోట్ల విరిగింది. బండిలో వచ్చేవాళ్ళలో తుపాకీ ముట్టినవాడు ఇంకొకడు లేడు. ఇక మిగిలింది ఆదామే.

వాడు మంచివాడు వదినా. అద్దాలు తీస్తే నన్నూ ఆవునూ ఒకేలా పలకరిస్తాడు. ఆ ఆపిల్‌ను కిటికీ ఎత్తుకు దించండి. ఎవరు చూడొచ్చారు?

మీ రేజా

తా.క. ఇవాళ దొడ్లో గుమ్మడికాయ కట్టి సాధన చేయించాం. గుమ్మడికాయ క్షేమం. పక్కింటి బాతు చనిపోయింది.

గోర్న్యా ద్రాగా, 23 సెప్టెంబరు

రేజా గారికి,

ఎవరు చూడొచ్చారని అడిగారు. నూట నలభై మంది. కుర్చీలు కూడా తెచ్చుకుంటారు. కిటికీ దగ్గర ఆపిల్ కొట్టి తీసుకుపోయిన పిల్లను ఈ ఊరు బతికినన్నాళ్ళూ కిటికీ పిల్ల అంటుంది. ఎత్తు అంగుళం తగ్గించను. ఈ విషయమై మళ్ళీ రాయనవసరం లేదు.

తొంకా

తా.క. ఊపిరి బిగబట్టి కాల్చమనండి. ఇది సలహా కాదు.

నోవి గాయ్, 28 సెప్టెంబరు

తొంకా గారికి,

వదిన అన్నమాట వెనక్కి తీసుకున్నాను. మావాడు నాలుగు రోజులుగా కూలెన్ ముక్క కూడా ముట్టడం లేదు. కారం సాసేజి వద్దనేవాడు మా ఇంట్లో పుట్టలేదు. "నానమ్మా, పడకపోతే ఏం చేస్తావ్?" అన్నాడు నిన్న. ఏం చెప్పను?

నేను రావడం లేదు. కోడలి కోసం రొట్టె, వైను పట్టుకుని గుమ్మంలో నిలబడాలి కదా. బండి ఖాళీగా వచ్చిందంటే మళ్ళీ మీ కొండ ఎక్కదు. ఆ రొట్టె ఏం చెయ్యాలో కూడా మీరే రాసి పంపండి.

రేజా

తా.క. మీ మీద కోపంతో మూడుసార్లు ఇల్లు ఊడ్చాను. చీపురు అరిగిపోయింది, కొత్తది కొన్నాను.

గోర్న్యా ద్రాగా, 7 అక్టోబరు

రేజా వదినకు,

పిల్ల నీ ఇంటికి చేరింది, ఇక గారు ఎందుకు? మీవాళ్ళు జరిగినట్టు చెప్పి ఉండరు. నేను చెబుతాను.

పదకొండున్నరకు వచ్చారు. ఆదాం మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. మొదటి గుండు ఆకాశంలోకి. రెండోదీ ఆకాశంలోకే, మరో వైపు. షీమా కట్టు కట్టిన చెయ్యి ఊపుతూ "కిందికిరా, కిందికి! అది ఆపిల్, చందమామ కాదు!" అని అరుస్తున్నాడు. మావాళ్ళు నవ్వడం మానేశారు. అది మరీ భయం. గంట కొట్టేవాడు తాడు పట్టుకుని నిలబడ్డాడు. నాకు మా అక్క తలుపు సందులోంచి చూసిన రోజే కళ్ళ ముందుంది.

మూడోసారి ఆదాం గురిపెట్టాడు, ఊపిరి బిగబట్టాడు, కళ్ళు మూసుకున్నాడు. ఆపిల్ పడింది. ఆ తర్వాత తుపాకీ పేలింది.

అవును వదినా, ఆ వరుసలోనే. నూట నలభై మందీ చూశారు. ఊళ్ళో అందరికంటే నోరున్న యాకోవ్ ముసలాయన గొర్రెమాంసం కాలుతున్న వైపు ఒకసారి చూసి, "మైదానం తుపాకీ కదా, చప్పుడు ఆలస్యంగా వస్తుంది" అన్నాడు. అందరూ తలలూపారు. తలుపు తెరిచాం.

ఇప్పుడు ఒక మాట, చదివి పొయ్యిలో వెయ్యి. ఆపిల్‌ను కట్టమని మా చిన్నకొడుక్కిచ్చిన దారం నా పెళ్ళినాటిది, చివికిపోయింది. కావాలనే వెతికి తీశాను. ఎత్తు తగ్గించనన్నాను కానీ దారం గురించి నువ్వు అడగలేదు.

నీ తొంకా

తా.క. మూడో గుండు మా పొగగొట్టంలోంచి దూరి లోపల ఎండబెట్టిన పంది తొడకు తగిలింది. కొట్టడమే కావాలంటే మీవాడు కొట్టాడు.

నోవి గాయ్, 13 అక్టోబరు

తొంకా వదినకు,

నీ ఉత్తరం పొయ్యిలో వేయలేదు. వింకాకు చదివి వినిపించాను. పడీ పడీ నవ్వి, కళ్ళు తుడుచుకుని, నీకు ఇది రాయమంది.

నువ్వు దారపుపెట్టె వెతుకుతుంటే తను చూసిందట. ఆ దారం శుక్రవారం గాలికే తెగి, పెళ్ళివాళ్ళు రాకముందే ఆపిల్ పడితే అంతా అల్లరవుతుందని, బాబాయి చెవిలో ఊది నీ దారం తీసేయించింది. చేపలు పట్టే సన్నతీగతో, లాగితే ఊడే ముడి వేయించి, కొస అటకమీద కిటికీలోకి తెచ్చుకుంది. రెండు గుళ్ళూ పోయాక ఆదాం కళ్ళు మూసుకోవడం కిటికీలోంచి చూసింది. మూడోది పేలాక లాగుదామనుకుంది కానీ ఆగలేకపోయిందట.

కనుక ఆ ఆపిల్‌ను పడేసింది నువ్వూ కాదు, మావాడూ కాదు. గెలుచుకుని తీసుకుపోవడమే మీ పద్ధతి అయితే, మీ పిల్ల మా పిల్లవాణ్ణి గెలుచుకుని తీసుకుపోయింది. గుమ్మంలో చీపురు తీసి వాడి చేతికిచ్చింది కూడా. దానికి అర్థం మా ఊళ్ళో ఎవరికీ తెలియలేదు. వాడికి తెలిసినట్టుంది, ఊడ్చేశాడు.

నీ రేజా

తా.క. కళ్ళు మూసుకుని కాల్చాడు కనుక తనే కొట్టానని ఆదాం గట్టిగా నమ్ముతున్నాడు. నిన్న వేటగాళ్ళ సంఘంలో పేరు రాయించుకుని వచ్చాడు. బాతులను లోపల కట్టేసుకున్నాం.