నిశ్చితార్థం రోజే సెమినార్

చింతామణి,
2 డిసెంబర్ 2024

చి.సౌ. స్మితకు,

మీ అత్త మీనాక్షమ్మ మనసారా దీవించి చెప్పేది. ఇక్కడ అందరం బాగున్నాం, బట్టల అంగడి కూడా బాగానే నడుస్తోంది. నువ్వే బాగాలేవని నిన్న ఫోనులో తెలిసింది. మళ్లీ ఫోను చేస్తే నువ్వు ఏడుస్తావు, విని నేనూ మొదలుపెడతాను, అసలు సంగతి చెప్పకుండానే పెట్టేస్తాం. అందుకే ఈ ఉత్తరం.

వచ్చే సోమవారం బాగేపల్లిలో మన రంజిత నిశ్చితార్థం. అదే రోజు యూనివర్సిటీలో నీ సెమినార్. క్లాసు ముందర నిలబడి ఇంగ్లీషులో మాట్లాడకపోతే మార్కులు పోతాయని, మీ మేడమ్ తేదీ మార్చనన్నారని చెప్పావు. ఇక్కడేమో మీ మామ పట్టుబట్టి కూర్చున్నారు. పెళ్లికూతురిని తెచ్చి పీట మీద కూర్చోబెట్టేది వదిన, ఆ వదినే లేకపోతే నలుగురికీ ఏం జవాబు చెప్పాలి అన్నారు. రానంటే ఆ ఎమ్మే అక్కడితో ఆపి, హాస్టలు ఖాళీ చేసి రమ్మన్నారు. ఆ మాట నేను చెప్పగానే నువ్వు, సరే అత్తా, అంతా వదిలేసి వచ్చేస్తాను అన్నావు.

అప్పుడు నాకు మీ మామ మీద కంటే నీ మీదే ఎక్కువ కోపం వచ్చింది. రోజూ బస్సులో తిరిగి అలసిపోతున్నావని పోట్లాడి నిన్ను హాస్టల్లో చేర్పించింది నేను. ఇంత సులభంగా వదిలేయడానికా?

మొన్న వచ్చినప్పుడు నేను అవరెకాయలు ఒలుస్తుంటే, నువ్వు పొయ్యి దగ్గర నిలబడి సెమినార్ మొత్తం అప్పజెప్పావు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మొదట్లో గొణుగుతున్న దానివి, సగానికి వచ్చేసరికి గరిటె ఊపుతూ నన్నే ఏదో ప్రశ్న అడిగావు. నవ్వొచ్చింది, గర్వంగానూ అనిపించింది. మన ఇంట్లో అంత గట్టిగా మాట్లాడిన ఆడది ఇంతవరకూ లేదు. పొయ్యి మీది సారు అడుగంటింది గానీ, పోనీలే.

మీ మామ సంగతి నాకు కొత్త కాదు. చీర అంచు ఎక్కడ నలిగిందో ఆయనకు ఇట్టే కనబడుతుంది, ఎదుట ఉన్న మనిషి మొహం మాత్రం కనబడదు. నీ మొగుడు నాగేశ్ వాళ్ల నాయన ముందర మూగవాడని నీకు తెలుసు కదా. నిన్న ఎట్లాగో ధైర్యం చేసి, “ఆమె రాకుంటే ఏమయితాది నాయనా?” అన్నాడు. అని, జవాబు వినకుండా మేడ ఎక్కేశాడు. రంజితే నయం. “వదినను చదువుకోనీమ్మా. నాకు కాళ్లుండాయి గదా, నేనే నడుచుకుంటా వచ్చి కూర్చుంటా” అంది.

చుట్టాల్లో గౌరిబిదనూరు తిమ్మక్క వస్తుంది, వచ్చీ రాగానే “పెద్దకోడలు యాడ?” అని అడుగుతుంది. “యూనివర్సిటీలో మాట్లాడతాండాది” అని చెబుతాను. ఇంకా అడిగితే ఆమె విస్తట్లో పాయసం పోస్తూనే ఉంటాను.

కాబట్టి నువ్వు రావద్దు. అక్కడ భయం వేస్తే నేను ఎదురుగా కూర్చున్నాననుకో. అర్థం కాకపోయినా చివరిదాకా విన్నదాన్ని. వేళకు తిను, జుట్టుకు నూనె పెట్టుకో.

నీ మేలు కోరే అత్త,
మీనాక్షమ్మ

తా.క.: అమ్మా స్మితా, అక్షరం చూడగానే గుర్తుపట్టి ఉంటావు. మీ అత్తకు చదువూ రాతా రావు కదా. ఇది రాసింది నేను, మీ మామ వెంకటరాయప్పను. నాగేశ్‌ను పిలవకుండా నన్నే కూర్చోబెట్టి, ఒక్క మాట మార్చినా ఊరుకోనని చెప్పి రాయించింది. మార్చి ఉంటే ఆమెకు తెలిసేది కాదు. కానీ నన్ను అన్న మాటలతో సహా ఉన్నదున్నట్టే రాశాను. పొయ్యి దగ్గర నువ్వు మాట్లాడిన సంగతి రాసేటప్పుడు కాసేపు పెన్ను ఆగిపోయింది. మామాకోడళ్లు నేరుగా మాట్లాడుకునే అలవాటు మన ఇంట్లో లేదు. మంచినీళ్లు కావాలన్నా మీ అత్త చేతే అడిగించాను, హాస్టలు ఖాళీ చేయమన్న మాటా ఆమె నోటితోనే చెప్పించాను. సోమవారం నువ్వు రావద్దమ్మా. తిమ్మక్కకు నేనే జవాబు చెబుతాను. సెమినార్ అవగానే ఎట్లా మాట్లాడావో ఫోను చేసి చెప్పు. మీ అత్తకు కాదు, నాకు.